పదుగురి యంత్రము – షెల్లు అను తలుపు



జంపని మొదలు రేపల్లె వరకు గల మన పల్లెల పెద్దలకు కాలువ నీటి వ్యవహారము క్రొత్తది కాదు. 1855 నాటికి బెజవాడ యొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది. నాటనుండి మన పొలములకు వచ్చు నీరు పదుగురి సొత్తు. పెద్ద తూము తలుపును లస్కరు ఎత్తవలెను. మన బోదెను మనము బాగుచేసికొనవచ్చును. ఈ రెంటి నడుమ రైతు చేయి ఎంతవరకు పోవచ్చును అనుదానిపై మన వారు పడిన తగవులు ఎన్నియో కలవు. నేడు నేను చెప్పబోవు చరిత్రయు అట్టి తగవే. అయితే అది నీటిది కాదు, కంప్యూటరుది.

నా మేనల్లుడొకడు హైదరాబాదున వెబ్‌సైటులు కట్టు వృత్తిలో నున్నాడు. మా బంధువుల ఇండ్లలో మిగిలిన పాత దస్తావేజులు, శిస్తు రసీదులు, శుభలేఖలు మొదలగువానికి ఛాయాచిత్రములు తీసి, అందరును చూచుటకై ఒక వెబ్‌సైటున ఉంచెను. దానికి కావలసిన చోటు ఒక సంస్థ వారియొద్ద ఏటి అద్దెకు తీసికొనెను. ఒకనాటి ఉదయమున ఆ పుటలు తెరచిన వారికి మా పెద్దల దస్తావేజులకు బదులు ఏదో జూదపు ప్రకటన కానవచ్చినది. ఎవడో దొంగ లోన చొరబడి కొన్ని పంక్తులు చేర్చిపోయినాడు. “లోపలికి పోయి వెదకి తీసివేయరాదా?” అని నేనడిగితిని. “లోపలికి పోవు దారి నాకు వారీయలేదు మామయ్యా! వస్తువులు కిటికీలో నుండి అందించుటయే గాని గడప దాటనీయరు,” అని అతడు బదులు చెప్పెను.

ఆ గడపకే షెల్లు అని పేరు. అద్దె చోటు అనగా ఒకే సర్వరుపై వందల మంది వెబ్‌సైటులు కాపురముండుట. అందు ఒక్కొక్కరికి మూడు విధములుగా ప్రవేశము కలుగవచ్చును. ఎఫ్‌టీపీ అను పద్ధతిని ఫైళ్లను పంపుట, తెచ్చుట ఒకటి. తెరపై బొమ్మలును మీటలును గల కంట్రోల్ ప్యానెలు రెండవది. అది కచేరీలో అచ్చు ఫారము నింపి గుమాస్తా చేతికిచ్చుట వంటిది. ఆ ఫారములో లేని కోరికను కోర వీలులేదు. మూడవది షెల్లు. అందు మనము అక్షరములలో ఆజ్ఞ వ్రాయుదుము, యంత్రము దానిని నెరవేర్చి జవాబు చెప్పును. ఈ మూడవది అద్దె సర్వరుపై నున్న వారికి వలయునా, అక్కరలేదా అనునదే తగవు.

అక్కరలేదను వారు, పదిమంది పంచుకొను యంత్రమున ఇట్టి అధికారము పొసగదందురు. చరిత్ర చూచినచో విషయము తలక్రిందుగా నున్నది. అమెరికాలోని ఎం.ఐ.టి. యందు 1961 లో ఫెర్నాండో కార్బటో మొదలగువారు ఒకే కంప్యూటరును పలువురు ఒకేసారి వాడుకొను ఏర్పాటును ప్రదర్శించిరి. ఆ కాలమున కంప్యూటరు ధర ఎవరికిని ఒంటిగా అందునది కాదు; కావున పంచుకొనిరి. ప్రతివాడును తన టైపు యంత్రము ముందు కూర్చుండి ఆజ్ఞలు పంపెడివాడు. ఆజ్ఞలను వరుసగా కూర్చి నడిపించు ఉపాయమును లూయీ పూజాన్ అను ఫ్రెంచి వాడు కనిపెట్టి, 1965 ప్రాంతమున దానికి షెల్లు అని పేరిడెను. షెల్లు అనగా పెంకు. లోపలి పప్పును యంత్రపు మూలవ్యవస్థగా భావించి, దానిని చుట్టియుండి బయటివారి మాట దానికి వినిపించు భాగమును పెంకు అనిరి. 1969 లో బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు ఆరంభించిన యూనిక్సున ఈ పెంకే అందరికిని వాకిలి యయ్యెను. కావున షెల్లు పంచుకొను యంత్రమునకు పరాయిది కాదు. ఆ యింటనే పుట్టిన బిడ్డ.

అయితే భయమును ఆ యింటనే పుట్టినది. ఎం.ఐ.టి. యంత్రమున ఎవరి ఫైళ్లు వారికే యుండుటకై పాస్‌వర్డు పెట్టిరి. 1962 లోనే ఆలన్ షెర్ అను పరిశోధకుడు, తనకిచ్చిన గంటలు చాలక, పాస్‌వర్డుల జాబితాను ఆ యంత్రము చేతనే అచ్చు వేయించుకొనెను! ఆ తరువాత కొన్ని యేండ్లకు ఇంకొక వింత జరిగినది. ఇద్దరు అధికారులు ఒకే వేళ ఒకడు పాస్‌వర్డుల జాబితాను, ఒకడు దినప్రకటనను దిద్దుచుండగా, రెంటికిని వాడిన తాత్కాలిక ఫైలు పేరు ఒకటియే యగుటచే అవి తారుమారయ్యెను. నాడు యంత్రమును తెరచిన ప్రతివానికి దినప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డులును దర్శనమిచ్చినవి. ఒక పంపకపు గట్టు తెగినచో ఊరి నీరంతయు ఒకే చేనిలోనికి పోవుట మనమెరుగనిదా?

మన తెలుగువారికిని ఈ వాకిలితో చుట్టరికము కలదు. 1990ల ఆరంభమున అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గారలు ఇంగ్లీషు లిపిలో వ్రాసిన తెలుగును తెలుగు లిపిలోనికి మార్చు పద్ధతిని ఏర్పరచిరి. దానికి ఆర్‌టీఎస్ అని పేరు. దూరదేశముల తెలుగువారు యూనిక్సు యంత్రములపై ఈ పద్ధతిని వ్రాసికొని పరస్పరము చర్చలు సాగించిరి. తరువాతి కాలపు లేఖిని అను ఉపకరణము కూడ ఆ బాటనే నడచినది. మన దేశమున వి.ఎస్.ఎన్.ఎల్. వారు 1995 ఆగస్టు 15 నాడు ప్రజలకు ఇంటర్నెట్టు ఇచ్చినప్పుడు, తక్కువ ధరకు దొరకినది షెల్లు ఖాతాయే. టెలిఫోను మీద వారి యంత్రమును చేరి, బొమ్మలు లేని నల్లని తెరపై అక్షరములలో ఉత్తరములు చదువుకొనవలెను. బొమ్మలతో కూడిన ఖాతా అధిక ధనము పెట్టిన వారికి. అనగా నాడు షెల్లు పేదవాని భాగము. నేడు కొన్ని సంస్థలు దానిని అధిక ధర గల వస్తువుగా అమ్ముచున్నవి.

ఇది ఎట్లు తారుమారైనది? 1990ల నడుమ వెబ్‌సైటు పెట్టుకొనుట వర్తకులకు, బడులకు, సామాన్యులకు అవసరమైనది. వారికి ఆజ్ఞల భాష రాదు. 1996 లో వచ్చిన సీప్యానెలు వంటివి మీటలతో పని జరిపించినవి. 1997 లో హెచ్‌టీటీపీ నిబంధనలు సవరింపబడి, కోరిన వెబ్‌సైటు పేరును చూచువారి యంత్రమే ముందుగా చెప్పవలెనని స్థిరపడగా, ఒకే చిరునామాపై వందల వెబ్‌సైటులను నిలుపుట సులువయ్యెను, అద్దెయు పడిపోయెను. అద్దె పడిపోయిన చోట ప్రతి కాపురపు వానికిని గది తాళములు పరీక్షించు తీరిక యజమానికి ఉండదు. తలుపే మూసివైచిన సులభము గదా! దానికి తోడు ఆనాటి టెల్‌నెట్టు పద్ధతిని పాస్‌వర్డు దారి పొడవునను బట్టబయలుగా పోయెడిది. 1995 లో ఫిన్లాండున తాతు ఉలోనెన్ అను ఆయన, తమ విశ్వవిద్యాలయపు యంత్రజాలమున పాస్‌వర్డులు దొంగిలింపబడుట చూచి, మాటలను గూఢలిపిగా మార్చి పంపు ఎస్‌ఎస్‌హెచ్ ను నిర్మించెను. దారిలోని దొంగతనము దానితో తీరినది. ఇక మిగిలినది ఇంటిలోని ఇరుగుపొరుగుల భయము.

దానికిని మందు దొరకినది. 2000 లో ఫ్రీబీఎస్‌డీ అను వ్యవస్థయందు జైలు అను ఏర్పాటు వెలువడెను. దీనిని పోల్ హెన్నింగ్ కాంప్ చేసినది సర్వరు చోటు అద్దెకిచ్చు ఒక సంస్థ వారి అవసరము కొరకే. కాపురపు వాడు తన గదిలో యథేచ్ఛగా ఆజ్ఞలిచ్చుకొనవచ్చును. గోడ ఆవలి వాడు వానికి కానరాడు. తరువాత లినక్సు సర్వర్లపైనను ఇట్టి పంజరములు వచ్చినవి.

ఈ కారణముచే నాకు షెల్లును నిరాకరించు వారి వాదములో సగమే నిలుచునట్లు తోచుచున్నది. పీహెచ్‌పీ భాషలో వ్రాసిన ప్రోగ్రామును సర్వరుపై ఉంచనిచ్చిన తరువాత, సంస్థ వారు ప్రత్యేకించి అడ్డకున్నచో, ఆ ప్రోగ్రామే తన యజమాని పక్షమున షెల్లు ఆజ్ఞలను నడుపగలదు. ముందు వాకిలి మూసి దొడ్డి వాకిలి తెరచుట ఇదియే. 2014 సెప్టెంబరున బయటపడిన షెల్‌షాక్ అను లోపము చూడుడు. అది బ్యాష్ అను షెల్లునందలిది. కాని దానిని ఆసరా చేసికొని చొరబడుటకు షెల్లు ఖాతాయే అక్కరలేకపోయెను. వెబ్‌సైటు ద్వారముననే పోవచ్చును. కావున రక్షణ గోడలలో నుండవలెను గాని తలుపు లేమిలో కాదు.

రెండవ సగము నిజమే. నాలుగు పుటల వెబ్‌సైటు గల వర్తకునికి షెల్లుతో పని లేదు. వర్డ్‌ప్రెస్ పెట్టుకొని వ్యాసములు వ్రాయు వానికిని నూటికి తొంబది పాళ్లు ప్యానెలు చాలును. చేతనుండి తప్పుటాజ్ఞ వెలువడినచో తన ఫైళ్లను తానే రెప్పపాటున చెరపుకొనగలడు. షెల్లు మరల అడుగదు. కాని ఇతరుల వెబ్‌సైటులను వృత్తిగా కట్టువాని సంగతి వేరు. 2005 లో పుట్టిన గిట్, 2012 నాటి కంపోజరు మొదలగు వాని పనిముట్లన్నియు షెల్లు ఉన్నదని తలచి చేసినవే. అది లేనివాడు తన యింట ఇటుక పేర్చి, గోడను బండిమీద తోలుకొని వచ్చువాని వంటివాడు. అదియు ఒక విధముగా జరుగును. జరుపుచున్న వారును కలరు.

మా మేనల్లుడును అట్లే జరుపబోయెను. నాలుగు వేలకు పైబడిన ఫైళ్లను ఎఫ్‌టీపీతో ఒక రాత్రి యంతయు తన యింటి కంప్యూటరునకు దింపుకొని, వెదకి, చెడినవానిని దిద్ది తిరిగి పంపెను. మూడవ నాడు జూదపు ప్రకటన మరల ప్రత్యక్షమయ్యెను. సంస్థ వారిని షెల్లు కోరగా, అదే యంత్రముపై ఇంకను వందల మంది గలరనియు, ఒకరికై నియమము మార్చలేమనియు వ్రాసిరి. వారి మాటను నేను తప్పు పట్టజాలను. పాతబడిన ప్రోగ్రామును నెలల తరబడి సవరింపక దొంగకు సందిచ్చినది మావాడే గదా! ఆ మాట నేనన్నప్పుడు వాడు తలవంచుకొని ఊరకుండెను.

తుదకు పంజరము గల వేరొక చోటికి వెబ్‌సైటును మార్చెను. అద్దె కొంచెము హెచ్చు. అచట షెల్లు తెరచి ఒక పంక్తి ఆజ్ఞ వ్రాయగా, దొంగ వ్రాత దాగియున్న ఫైళ్ల పేర్లన్నియు తెరపై వరుసగా దిగినవి. ఛాయాచిత్రముల నడుమ, ఛాయాచిత్రమను పేరుతోనే, ఒక ప్రోగ్రాము కూర్చుండియున్నది. ఇంటి కంప్యూటరులో బొమ్మలను వెదకనక్కరలేదని మావాడు విడిచినది దానినే. దానిని తీసివేసి పుట తెరవగా మొదట కనబడినది మా తాతగారి శిస్తు రసీదు. దాని అడుగున కరణముగారి వ్రాలు.