అంతశ్చేతనాశక్తి గ్రంథములు: వాని పుట్టుపూర్వోత్తరములు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్రవిషయకమైన వ్యాస మొకటి వ్రాయవలసినదని కార్యవర్గమువారు కోరినపుడు, నేను గ్రామచరిత్రమో గోదావరి మండల చరిత్రమో వ్రాయుదునని వారు తలచి యుందురు. ఆ పనికి నాకంటె సమర్థులు ఈ సంచికలోనే కలరు. నేను గ్రామ లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గలవాడను. ఒక పద్దు కనబడినచో అది యెక్కడనుండి వచ్చినదో విచారింపక మానలేను. మన బీరువాలలో అట్టలు సడలి, మూలలు మడతపడి, మాటిమాటికి జిల్దుకు పోవు పుస్తకములు ఏవియని చూచితిని. కావ్యములు కావు, పురాణములు కావు, నవలలు సైతము ఇప్పుడు అంతగా కావు. మనుష్యుని అంతశ్చేతనలో అపారమైన శక్తి నిద్రించుచున్నదనియు, దానిని మేల్కొల్పినచో ఆరోగ్యము, ఐశ్వర్యము, పరీక్షలో ఉత్తీర్ణత కోరినట్లు చేకూరుననియు బోధించు విజయసాధన గ్రంథములవి. వీనికొక వంశవృక్షము కలదు. దానిని తెలిసికొనకుండ వీనిని నెత్తిన పెట్టుకొనుటయు, విసరి పారవేయుటయు రెండును తొందరపాటే.

ఈ వంశమునకు మూలపురుషుడు వియన్నా నగరమున వైద్యము చేసి పిదప పారిస్ చేరిన ఫ్రాంజ్ మెస్మర్ (1734-1815). జీవుల శరీరములలో అయస్కాంతగుణముగల సూక్ష్మద్రవ మొకటి ప్రవహించుచున్నదనియు, దాని గతి చెడుటయే రోగమనియు ఆయన సిద్ధాంతము. రోగులు ఆయన చికిత్సలో మూర్ఛపోయెడివారు. లేచి, నయమైనదని చెప్పెడివారు. 1784లో ఫ్రాన్సు రాజు పదునారవ లూయీ నియమించిన విచారణ సంఘమున బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవోయిజియే వంటి శాస్త్రజ్ఞు లుండిరి. వారు చేసిన పరీక్షలలో నొకటి ఏ పల్లెటూరి పెద్దమనిషియైనను చేయదగినంత సులభమైనది. తోటలోని చెట్లలో నొకదానికి మాత్రము ఆ శక్తి నెక్కింపించి, ఒక బాలునికి కన్నుల గంతలు కట్టి, తక్కిన చెట్ల యొద్దకు నడిపించిరి. వాడు శక్తి యెక్కింపని చెట్టు క్రిందనే సొమ్మసిల్లి పడిపోయెను. ద్రవము లేదు, పని చేసినది ఊహయే యని సంఘము తీర్పు చెప్పెను. తీర్పు సరియైనదే. కాని ఊహ యొక్కటే మనిషిని పడవేయగలిగినపుడు, ఆ ఊహ యెట్టిదని వారు మఱి వెదకలేదు. తరువాతి కథయంతయు ఆ వెదకని ప్రశ్ననుండియే పుట్టినది.

ఈ విద్య మన దేశమునకు చాల ముందుగనే వచ్చినదని చాలమంది యెఱుగరు. 1845లో బంగాళమునందలి హుగ్లీలో వైద్యుడుగా నున్న జేమ్స్ ఎస్డైల్, రోగులను మెస్మరు పద్ధతిని నిద్రబుచ్చి శస్త్రచికిత్సలు చేయసాగెను. శస్త్రచికిత్సకు మత్తుమందు వాడుక ఇంకను ఏర్పడని కాలమది. గొప్ప గొప్ప కంతులను కోసి తీసినను రోగులు బాధ నెఱుగలేదని ఆయన వ్రాసెను. 1846లో ప్రభుత్వమువారు కలకత్తాలో ఒక చిన్న ఆసుపత్రిని పరీక్షార్థముగా ఆయన కప్పగించిరి. ఈథరు, క్లోరోఫారము వచ్చిన పిదప ఈ పద్ధతి మూలబడెను. మాంచెస్టరులో వైద్యము చేయుచుండిన జేమ్స్ బ్రెయిడ్ 1843లో దీనికి హిప్నాటిజమను పేరు ప్రచారము చేసెను. మనవారు సమ్మోహనవిద్య యనిరి.

ఇక్కడనుండి వంశము రెండు శాఖలుగా చీలినది. ఈ చీలికను గుర్తింపకపోవుటచేతనే మన చదువరులు పెక్కండ్రు తికమకపడుచున్నారు. ఒకటి ఫ్రాయిడు శాఖ. ఆయనకు అంతశ్చేతన యనగా మనము మన కన్నులనుండియే దాచుకొన్న కోరికలు, భయములు, అవమానములు కూరిన చీకటికొట్టు. 1922లో గిరీంద్రశేఖర బోసు కలకత్తాలో భారత మనోవిశ్లేషణ సంఘమును స్థాపించెను. ఆయనకును ఫ్రాయిడునకును చాలకాలము ఉత్తరప్రత్యుత్తరములు నడచినవి. ఈ శాఖవారు అంతశ్చేతన మన యాజ్ఞలను వినునని యెన్నడును చెప్పలేదు. మనమే దాని యాజ్ఞలకు లోబడుచున్నామని చెప్పిరి.

రెండవ శాఖ అమెరికాది. ఫినియస్ క్వింబీ (1802-1866) అను గడియారముల పనివాడు మెస్మరు విద్య ప్రదర్శనములను చూచి, రోగమును నయము చేయునది రోగి విశ్వాసమే యని నిశ్చయించుకొనెను. ఆయన భావములనుండి 'నూతన భావన' యను మతప్రాయమైన ఉద్యమము పెరిగినది. లాస్ ఏంజిలెస్ నగరమున బోధకుడుగా నుండిన జోసెఫ్ మర్ఫీ (1898-1981) ఆ త్రోవలోని వాడు. ఆయన 1963లో ప్రకటించిన అంతశ్చేతనాశక్తి గ్రంథమే నేడు దేశదేశముల అనువాదములలో కనబడుచున్నది. ఈ శాఖవారి దృష్టిలో అంతశ్చేతన చీకటికొట్టు కాదు, సారవంతమైన పొలము. మంచి విత్తనము వేసినచో మంచి పంట. కావున మర్ఫీని చదివి ఫ్రాయిడు చెప్పినదే కదా యనుట, ఒకే యింటిపేరు గలవారి దస్తావేజులను కలిపివేయుట వంటిది.

ఈ రెండు శాఖల నడుమ నాకు మిక్కిలి ఇష్టుడైన వాడొకడు కలడు. ఎమిల్ కూయే (1857-1926) ఫ్రాన్సుదేశమున మందులు కలిపి యిచ్చు అంగడివాడు. మందు నిచ్చునపుడు దాని గుణమును రెండు మాటలలో పొగడి యిచ్చినచో అది యెక్కువగ పనిచేయుచున్నదని ఆయన కనిపెట్టెను. (మన నాటువైద్యు లందఱును ఈ సంగతి నెఱుగుదురు, కాని వ్రాసి పెట్టినవాడు కూయే.) పిదప ఆయన నాన్సీ పట్టణమున జనులకు ఆత్మసూచన నేర్పెను. నిద్రకు ముందును, మేల్కొనగానే పడకపైననే, దినదినమును తాను బాగుపడుచున్నానను భావముగల చిన్న వాక్యమును ఇరువదిమాఱులు పలుకవలెను. లెక్క తప్పకుండుటకై ఇరువది ముడులు వేసిన దారము నుంచుకొనుమని చెప్పెను. జపమాల యెఱిగినవారికి ఆ దారమును గూర్చి వివరింప నక్కఱలేదు. తాను ఎవరిని నయము చేయలేదని ఆయన చెప్పుచుండెడివాడు.

ఇంతవఱకు చదివిన పెద్దలు, ఇది యంతయు మన శాస్త్రములలో ఏనాడో యున్నదని యనబోవుదురు. ఆ మాట నాకు పూర్తిగ సమ్మతము కాదు. పతంజలి చెప్పిన సంస్కారములు, వాసనలు అంతశ్చేతనకు దగ్గఱివే. కాని ఆయన వానిని ఐశ్వర్యము కొఱకు వాడుకొమ్మనలేదు, చిత్తవృత్తులను నిరోధింపుమనెను. దగ్గఱి పోలిక యోగవాసిష్ఠమున ముముక్షు వ్యవహార ప్రకరణమున కలదు. పూర్వము మనము చేసినదియు, ఇప్పుడు చేయునదియు రెండు పొట్టేళ్లవలె ఢీకొనుననియు, బలము గలది గెలుచుననియు అచట చెప్పబడినది. లోపలి వాసన సేవకుడు కాదు, ఎదిరి పొట్టేలు. ఈ ఉపమానము మర్ఫీ పొలముకంటె నిజమునకు చేరువైనదని నా తలంపు.

తెలుగునకు ఈ గ్రంథములు వచ్చిన విధము మన మండలమునకు గర్వకారణమే. రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించి మూఢవిశ్వాసములతో పోరాడిరి. అదే పట్టణము పంచాంగములకు, వ్రతకల్పములకు, శతకములకు పెట్టనికోట. గొల్లపూడి వీరాస్వామి సన్, కొండపల్లి వీరవెంకయ్య అండ్ సన్స్ వారి పుస్తకములు లేని యిల్లు ఈ ప్రాంతమున అరుదు. మంత్రము నొకచేతను, వివేకము నొకచేతను పట్టుకొన్న ఈ నేలనుండియే విజయసాధన రచయితలలో ప్రముఖు లిద్దఱు బయలుదేరిరి. రాజోలున 1948లో జన్మించిన యండమూరి వీరేంద్రనాథ్ చదువుచేత చార్టర్డ్ అకౌంటెంటు. లెక్కలవాడని వ్రాయుటకు నాకు సంతోషము. చేతబడిని, వైద్యమును, హిప్నాటిజమును పెనవేసిన 'తులసిదళం' నవలతో ఆయన ఇంటింట భయము పుట్టించెను. అదే కలము తరువాత 'విజయానికి ఐదు మెట్లు' వ్రాసి ధైర్యము చెప్పసాగెను. ఇంద్రజాలికుడును, హిప్నాటిస్టును, మనస్తత్వ నిపుణుడును అయిన బి.వి. పట్టాభిరామ్ కాకినాడవాడు, 2025లో స్వర్గస్థుడగువఱకు ఎన్నియో పుస్తకములు వ్రాసి, ఎన్నియో సభలలో విద్యార్థులకు బోధించెను. మెస్మరునుండి మర్ఫీ వఱకు పాశ్చాత్యులు నడచిన దారినే, సమ్మోహనమునుండి విజయసాధన వఱకు, మనవారును నడచుట గమనింపదగినది.

ఇవి తెలుగునాట విరివిగ చెల్లుటకు కారణ మేమి? 1986లో ఎంసెట్ పరీక్ష మొదలైనది. 1991 పిమ్మట ఆర్థికవిధానము మాఱినది. కంప్యూటరు ఉద్యోగములు, విదేశయానములు వచ్చినవి. ఒక్క ర్యాంకు సంఖ్య ఒక కుటుంబపు తలరాతను మార్చు కాలమున, చెంత ధైర్యము చెప్పువాడు లేని బాలుడు పుస్తకమును ఆశ్రయించుట సహజము. గ్రామమున ఆంగ్లము పలుకలేక సిగ్గుపడిన పిల్లలకు ఈ గ్రంథములు చేసిన మేలు నేను కన్నులార చూచితిని. దానిని కాదనను.

అయినను లెక్కలవానిగ నాకొక ఆక్షేపణ కలదు. మా వీధిలోని యువకు డొకడు పోటీపరీక్షలో మూడవమాఱును తప్పి, తన విశ్వాసము చాలలేదనియు, మనస్సులో ఎక్కడనో సందేహము మిగిలిపోయినదనియు నాతో చెప్పి కంటతడి పెట్టెను. ఉన్న ఉద్యోగము లెన్ని, వ్రాసినవా రెందఱు అని వాడు లెక్కింపలేదు. గెలిచినచో జమ గ్రంథము ఖాతాకు, ఓడినచో ఖర్చు చదువరి ఖాతాకు వ్రాయు పద్దతి యిది. ఇట్టి చిట్టాను ఏ తనిఖీదారును ఒప్పుకొనడు.

మన డెల్టాయే దీనికి సాక్ష్యము. 1832-33 నాటి నందన కఱవున తెలుగుదేశమున జనులు తిండిలేక మడిసిరి. వారికి మనోబలము తక్కువయై కాదు. 1847లో మొదలిడి 1852లో ముగించిన ధవళేశ్వరపు ఆనకట్ట వచ్చిన పిదప, ఆ నేలయే, ఆ రైతుల సంతతియే, అన్నము పెట్టువారైరి. కాటన్ దొర పట్టుదల లేనిదే ఆనకట్ట లేదు, నిజమే. కాని నీరు రానిదే రైతు పట్టుదలకు ఫలము లేదు. 1996 నవంబరు 6వ తేదీ తుపానున కోనసీమలో కొబ్బరిచెట్లు కూలినపుడు గాలి యెవని యంతశ్చేతనను పరీక్షింపలేదు. భారతమున ఆనుశాసనిక పర్వమునందు పురుషకారమును క్షేత్రముగను, దైవమును విత్తనముగను చెప్పి, రెండును కూడిననే పంట యనిరి. వ్యవసాయ మెఱిగినవాడు చెప్పిన మాట యది.

ఇటీవలి మనస్తత్వశాస్త్ర పరిశోధనలును ఇంచుమించు ఈ త్రోవనే పోవుచున్నవి. 2009లో కెనడా దేశపు శాస్త్రజ్ఞురాలు జోన్ వుడ్, తన సహచరులతో కలసి, ఆత్మప్రశంసావాక్యములను పలికించి పరీక్షించెను. తమపై తమకు గౌరవము గలవారికి అవి కొంచెము మేలు చేసినవి. అది లేనివారికి మునుపటికంటె నొచ్చుకోలు కలిగించినవి. మందు ఎవరికి మిక్కిలి అవసరమో వారికే అది వికటించినదన్న మాట. గాబ్రియేల్ ఎట్టింగెన్ అను మఱియొక శాస్త్రజ్ఞురాలు, కోరిన ఫలము లభించినట్లే ఊహించి ఆనందించువారు దానికై పాటుపడుటలో వెనుకబడుదురని కనుగొనెను. అడ్డంకు లెవ్వియో కూడ తలచుకొని, ఎప్పుడు ఎక్కడ ఏమి చేయవలెనో ముందుగ నిశ్చయించుకొన్నవారికి ఫలము మెఱుగని తరువాతి పరీక్షలలో తేలినది. పంచతంత్రమున పేలపిండి కుండ క్రింద పండుకొని, మేకలు, ఆవులు, గుఱ్ఱములు, మేడ, భార్య, కొడుకు అని వరుసగ ఊహించి కాలు జాడించి కుండ పగులగొట్టుకొన్న బ్రాహ్మణుని కథ మన పిల్లలందఱకు తెలియును. మనుష్యుడు మెదడులో పదవవంతే వాడుకొనుచున్నాడని ఈ గ్రంథములలో తఱచు కనబడు మాట మాత్రము శుద్ధ అబద్ధము. శాస్త్రజ్ఞు లెవ్వరును దాని నంగీకరింపరు.

ఇప్పుడు ఈ బోధలు పుస్తకముల నతిక్రమించి చేతిఫోనులలో ఉపన్యాసములుగ వినబడుచున్నవి. అయినను మన గ్రంథాలయమున ఆ బీరువా ఖాళీగ నుండుట లేదు. కార్యవర్గమువారికి నా విన్నప మొక్కటే. ఆ పుస్తకములను తీసివేయవలదు. వాని ప్రక్కనే ఉద్యోగ ప్రకటనల పత్రికలను, గత పరీక్షల ప్రశ్నపత్రములను, ఒక మంచి మనస్తత్వశాస్త్ర పరిచయ గ్రంథమును, తిక్కన ఆనుశాసనిక పర్వమును ఉంచుడు. ఆనుశాసనికము ప్రస్తుతము పై అరలో నున్నది. దానిని తీయుటకు నిచ్చెన కావలసియున్నది.