వర్లీ చాళ్లలో కరీంనగర్

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. ఉత్తర తెలంగాణ బతుకుదెరువును ఈ మూడు మాటల్లో చెప్తారు. సింగరేణి గురించి, గల్ఫ్ వలసల గురించి కొంతైనా రాశారు, సినిమాలు తీశారు. నడుమనున్న బొంబాయి గురించి మాత్రం రావలసినంత రాలేదు. సిరిసిల్ల, జగిత్యాల, నిర్మల్ వైపు పల్లెల్లో మగ్గం ఆడక, కాలం కాక మూట కట్టుకుని వెళ్లినవాళ్లు ఆ మహానగరంలో ఏ కప్పు కింద తలదాచుకున్నారు? ఆ చరిత్ర కరీంనగర్ చరిత్రలో భాగం.

తెలుగువాళ్ల బొంబాయి కామాటిపురాతో మొదలైంది. 1784లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయి సముద్రపు నీరు లోపలికి రావడం ఆగాక, తేలిన పల్లపు నేలల్లో నిజాం రాజ్యం నుంచి వచ్చిన కామాటీలు కాపురాలు పెట్టారు. రోడ్లు వేసిందీ, రాయి మోసిందీ, గోడలు లేపిందీ వాళ్లే. జ్యోతిరావ్ ఫూలే 1873లో సత్యశోధక్ సమాజ్ పెట్టినప్పుడు బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవాళ్లలో ఈ తెలుగువాళ్లు ఉన్నారు. కామాటిపురా అనగానే లోకం మరొకటి తలుచుకోవడం ఆ కష్టజీవులకు జరిగిన అన్యాయం.

తర్వాతి కాలంలో బట్టల మిల్లులు పిలిచాయి. నేత తెలిసిన పద్మశాలీలకు అక్కడ పని దొరికింది, ఇల్లు దొరకలేదు. 1896 ప్లేగు నాటికే కార్మికవాడలు కిక్కిరిసి ఉన్నాయి. 1920లో బొంబాయి ప్రభుత్వం డెవలప్‌మెంట్ డైరెక్టరేట్ (బీడీడీ) పెట్టి 50 వేల గదులు కడతామంది. చివరికి కట్టింది వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, శివ్డీలలో 207 భవనాలు. వాటినే బీడీడీ చాళ్లు అంటారు. అందులో 121 వర్లీలోనే కట్టారు. కిరాయి ఎక్కువని మొదట్లో కార్మికులు రాక చాలా గదులు ఖాళీగా పడి ఉంటే, 1930ల సత్యాగ్రహ రోజుల్లో సర్కారు కొన్నిటిని జైలుగా వాడుకుంది.

ఒక్కో చాళీ నాలుగంతస్తులు. అంతస్తుకు 20 గదులు. నడుమ పొడుగాటి నడవ, దానికి అటూ ఇటూ తలుపులు. పట్టపగలు కూడా ఆ నడవలో బల్బు వెలగాల్సిందే. గది వైశాల్యం 160 చదరపు అడుగులు. అందులోనే పొయ్యి, పడక, పెళ్లిచూపులు, పురుడు. పాయిఖానాలు అంతస్తంతటికీ ఉమ్మడి. పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి వచ్చిన మగవాళ్లు ఒకే గదిలో పదిమంది దాకా సర్దుకునేవారు. రాత్రి షిఫ్టు వాళ్లు వచ్చి పగలు పడుకుంటే, పగటి షిఫ్టు వాళ్లు రాత్రి అదే చాప మీద నడుం వాల్చేవారు. గాలి కోసం తలుపులు తీసి ఉంచేవారు కనుక ఒకరి గుట్టు ఇంకొకరికి తెలియక తప్పేది కాదు. ఆపద వస్తే పరుగెత్తుకొచ్చేదీ ఆ పక్కగది వాళ్లే.

కుటుంబాలు వచ్చి చేరాక ఊరే కదిలివచ్చింది. వర్లీలో, కామాటిపురాలో బతుకమ్మలు పేర్చారు. బొంబాయి కార్పొరేషన్ ఎనిమిది మాధ్యమాల్లో బడులు నడిపితే అందులో తెలుగు ఒకటి. మరాఠీ వీధిలో తెలుగు అచ్చరాలు నేర్చుకున్న తరాలున్నాయి.

1982 జనవరి 18న కార్మిక నేత దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ దెబ్బ తర్వాత మిల్లులు మళ్లీ కోలుకోలేదు. కొందరు భివండి సాంచాల (మరమగ్గాల) మీదికి పోయారు, కొందరు సిరిసిల్లకు తిరిగొచ్చారు. చాళీ గదిని పట్టుకుని ఉండిపోయినవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు ఆ చాళ్లను కూల్చి టవర్లు కడుతున్నారు. 2025 ఆగస్టులో వర్లీలో తొలి విడతగా 556 ఇళ్ల తాళాలు ఇచ్చారు. 160 అడుగుల్లో నలిగిన కుటుంబానికి 500 అడుగుల సొంతిల్లు రావడం న్యాయమే. నూరేళ్లు ఆలస్యమైన న్యాయం. కానీ గోడలతో పాటు జ్ఞాపకాలు కూడా పోతాయి. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఎవరింట్లోనైనా పాత బొంబాయి కిరాయి రసీదులు, మిల్లు గుర్తింపు కార్డులు, చాళీ ముందు దిగిన ఫోటోలు ఉంటే చిత్తుకాగితాల్లో వేయకండి. అక్కడ బతికొచ్చిన పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్లను కూర్చోబెట్టి అడగండి, చెప్పింది రాసిపెట్టండి.