బొబ్బిలి వీణకు కరెంటు ఎందుకు ఎక్కలేదు

చోడవరం నుంచి మాడుగుల మీదుగా పాడేరు వైపు వెళ్తే పనసచెట్లకు కొదవ లేదు. ఉలి పట్టే చేతులకూ ఉత్తరాంధ్రలో కొదవ లేదు. ఏటికొప్పాకలో అంకుడు కర్ర లక్క బొమ్మలవుతోంది. బొబ్బిలి పక్క గొల్లపల్లిలో సర్వసిద్ధి వారి కుటుంబాలు ఒకే పనస మొద్దును తొలిచి ఏకాండి వీణ చేస్తున్నాయి. అయినా చేత్తో చేసిన ఎలక్ట్రిక్ గిటారుకు ఈ ప్రాంతం పేరుపడలేదు. అది పరాయి వాయిద్యం, మనవాళ్లకు చేతకాదు అనేయడం తేలిక. పనివాడికీ వాయించేవాడికీ మధ్య పెరిగిన దూరమే అసలు కారణమని నా వాదన.

వీణకు మెట్లు 24, స్థాయికి 12 చొప్పున. గిటారులోనూ స్థాయికి 12 మెట్లే. గిటారుకైతే దూరాలు లెక్కగట్టి పలక మీద రంపంతో గాళ్లు కోస్తారు. ఒక్క గాడి తప్పినా ఆ పలక పనికిరాదు. వీణకు దండి మీద నల్లటి మైనం గట్టు పోసి, దాని మీద లోహపు మెట్టు అద్ది, తీగ మీటి, వింటూ వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతారు. ఎండలకు మైనం మెత్తబడి మెట్టు కదిలిందా, పని మళ్లీ మొదటికే. చెవితో స్వరస్థానం పట్టగలవాడికి కొలత ప్రకారం గాడి కోయడం ఏపాటి? వీణ బుర్ర బోలుగా ఉంటుంది, గిటారు గట్టి చెక్క కదా అనవచ్చు. నిజమే, కానీ చెక్క పగలకుండా తొలవడమే కష్టం. గట్టి చెక్కతో ఆ బాధ లేదు. అసలు చిక్కు తీగల్లో ఉంది. అయస్కాంతం చుట్టూ సన్నని రాగితీగను వేల చుట్లు చుట్టిన పికప్‌కు ఉక్కు తీగ కదలికే తెలుస్తుంది. వీణకు పాత పద్ధతిలో కట్టే ఇత్తడి మంద్ర తీగలు దానికి వినపడవు. ఉక్కు నరం మీద చుట్టిన తీగ వేస్తే తీరిపోయే సమస్య ఇది. కానీ వేయమని అడిగేదెవరు?

ఒకప్పుడు అడిగేవాళ్లు దగ్గరే ఉండేవారు. బొబ్బిలి, విజయనగరం సంస్థానాలు వైణికులను పోషించాయి. 1919లో విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షుడిగా సంగీత కళాశాల వెలిసింది. 1948 చట్టంతో జమీలు పోయాయి. అప్పటికే సినిమా, రికార్డులు, సభలు విద్వాంసులను మద్రాసుకు లాగేశాయి. ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు పేరు తెచ్చుకున్నది అక్కడే. వీణ నాదాన్ని మైకు ద్వారా పెంచి వినిపించే ప్రయోగాలూ అక్కడే సాగాయి. గొల్లపల్లికి మిగిలిన గిరాకీలో పెద్ద వాటా సన్మానాల్లో చేతికిచ్చే బుల్లి వీణలది. అవే కుటుంబాలను నిలబెట్టాయి కదా అంటే కాదనను, ఆకలి ముందు శాస్త్రం నిలవదు. కానీ ఆ వీణ షోకేసులోకి పోతుంది. శ్రుతి నిలవడం లేదని తిరిగి తెచ్చేవాడుండడు.

తిరిగి తెచ్చేవాడు ఎంత ముఖ్యమో లియో ఫెండర్ సంగతి చెబుతుంది. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసిన ఆయనకు గిటారు వాయించడమే రాదు. 1950లో తెచ్చిన తొలి గట్టిచెక్క గిటార్ల మెడలో ఉక్కు కడ్డీ లేదు, తీగల లాగుడుకు మెడలు వంగాయి. వాటి మీద ఫిర్యాదులు తిరిగి రావడంతో ఆ ఏడాదే కడ్డీ చేర్చారు. మెడను మరలతో బిగించడం వల్ల పాడైతే మార్చుకోవచ్చు. ఏకాండి వీణకు ఆ వీలు లేదు, దాని అందం కూడా అందులోనే ఉందనుకోండి. మన పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌దీ ఇదే కథ. గమకం పలకాలంటే జంట తీగలు అడ్డమని ఒంటి తీగలు పెట్టారు, కింది స్థాయి కోసం ఐదోది చేర్చారు, ఎలక్ట్రిక్ మాండలిన్‌ను కచేరీ వేదిక ఎక్కించారు. కర్ణాటక సంగీతం ఒప్పుకోదన్న వాదన ఆయన కచేరీల ముందు నిలవలేదు. అక్కడా వాయిద్యాన్ని మార్చింది వాయించేవాడి అవసరమే.

ఇప్పుడు ఆ దూరం మళ్లీ తగ్గింది. విశాఖ చర్చిల్లో, కాలేజీ బ్యాండ్లలో గిటారు మామూలైంది. చోడవరంలో ఎవరైనా పనస చెక్కతో దుకాణం తెరిస్తే, మెడ వంగిందని కుర్రాళ్లు పొద్దున బస్సెక్కి వచ్చి పేచీ పెట్టుకుని సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు.