బుల్సారా వారి అబ్బాయి

ఫ్రెడ్డీ మెర్క్యురీ అనగానే ఇంగ్లండ్ గుర్తొస్తుంది. అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. 1946లో జాంజిబార్‌లో పుట్టిన పార్శీ బిడ్డ; తండ్రి అక్కడి బ్రిటిష్ కొలువులో క్యాషియర్. ఎనిమిదేళ్ల వయసులో ఓడెక్కించి, ఇప్పటి మహారాష్ట్రలోని పంచగనిలో హాస్టల్లో వేశారు. అక్కడే పియానో వాయిస్తూ తోటి పిల్లలతో 'ది హెక్టిక్స్' అనే బృందం కట్టాడు. 'ఫ్రెడ్డీ' అన్న పిలుపూ ఆ బడిలోదే.

1964లో జాంజిబార్‌లో విప్లవం వచ్చి, కుటుంబం లండన్ చేరింది. 1970లో క్వీన్ బృందం మొదలైంది. ఆ రోజుల్లోనే బుల్సారా కాస్తా మెర్క్యురీ అయ్యాడు. 1975లో వచ్చిన 'బొహీమియన్ రాప్సొడీ' దాదాపు ఆరు నిమిషాల పాట. అంత పొడుగు పాట రేడియోవాళ్లు వెయ్యరని కంపెనీవాళ్లు గొణిగారు. బ్రిటన్‌లో తొమ్మిది వారాలు మొదటి స్థానం వదల్లేదు! 1985లో లైవ్ ఎయిడ్ కచేరీలో, సుమారు ఇరవై నిమిషాలు, వెంబ్లీ స్టేడియం మొత్తాన్ని గుప్పిట్లో పెట్టుకున్నాడు.

భారతదేశంలో గడిచిన బాల్యం గురించి విలేకరులకు పెద్దగా చెప్పేవాడు కాదు. మూలాలు దాచాడని నిందించేవారున్నారు. నాకది న్యాయమనిపించదు. పొట్టకూటి కోసం మన కృష్ణలు 'క్రిస్'లు కాలేదా?

1991 నవంబర్ 24న, 45వ ఏట, ఎయిడ్స్‌తో కన్నుమూశాడు. జబ్బు సంగతి లోకానికి చెప్పింది ముందురోజే. అంత్యక్రియలు మాత్రం పార్శీ పురోహితులే జరిపించారు.