తోలు మిగిల్చే నేల, ఎముక మిగిల్చే నేల

1950 మే 8న డెన్మార్క్‌లోని సిల్కెబోర్గ్ దగ్గర, పొయ్యిలోకి పీట్ కోసుకుంటున్నవాళ్లకు బురదలో ఒక మనిషి ముఖం కనిపించింది. రెండు మూడు రోజుల గడ్డం, మూసిన కళ్లు, మెడకు బిగిసిన తోలుతాడు. ఈమధ్య జరిగిన హత్యేనని పోలీసులకు కబురు పెట్టారు. తీరా చూస్తే, టోలుండ్ మనిషిగా పేరుపడ్డ ఆయన చనిపోయి 2,300 ఏళ్లు దాటింది.

ఆయన పోయిన రెండు మూడు వందల ఏళ్లకు మన జగ్గయ్యపేట ధనంబోడు మీద బౌద్ధస్తూపం వెలిసింది. శాసనంలో ఆ చోటి పేరు వెలగిరి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి అక్కడ ఐదు ఆయక స్తంభాలు (స్తూపం అరుగు మీద నిలిపేవి) నిలిపాడు. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించినప్పుడు రాళ్లు, శాసనాలు బయటపడ్డాయి. ఇంత పాత ఊళ్లున్న మెట్టలో ఒక్క మనిషి ముఖమైనా ఎందుకు నిలవలేదు?

జవాబు నేలలోనే ఉంది.

పీట్ అంటే సగం కుళ్లి ఆగిపోయిన నాచు. చలిదేశాల్లో స్ఫాగ్నమ్ నాచు ఏళ్ల తరబడి పేరుకున్నచోట నీళ్లు కదలవు, గాలి అందదు, పులుపు పెరుగుతుంది. కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు అక్కడ బతుకు లేదు. నాచు నుంచి వచ్చే స్ఫాగ్నన్ అనే పదార్థం చర్మాన్ని పట్టి బిగిస్తుంది. మన పల్లెల్లో తంగేడు చెక్క నానేసిన నీళ్లలో పచ్చితోలు పదునెక్కడం తెలిసినవారికి ఇది వింత కాదు. రసాయనం వేరు, ఫలితం ఒకటే. చర్మం నల్లబడుతుంది, జుట్టు ఎర్రబడుతుంది. కానీ ఆ పులుపే ఎముకలోని సున్నాన్ని కరిగించేస్తుంది.

జగ్గయ్యపేట, నందిగామల్లో కథ తలకిందులు. అడుగున సున్నపురాయి, స్తూపపు పలకలదీ, ఇప్పటి సిమెంటు కర్మాగారాలదీ ఆ రాయే. పైన నల్లరేగడి, వేసవిలో నిలువునా బీటలిచ్చి గాలిని లోపలికి పిలుస్తుంది. చర్మం, కండరం త్వరగా పోతాయి. సున్నం పుష్కలంగా ఉన్న మట్టిలో ఎముక మాత్రం కొంత నిలుస్తుంది.

కృష్ణాతీరం మనకు దాచి ఇచ్చింది కూడా ఎముకలనే. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపంలో రాతిపెట్టెల్లో దాచిన ధాతువులను వెలికితీశాడు. 1929లో లాంగ్‌హర్స్ట్‌కు నాగార్జునకొండ మహాచైత్యంలో బంగారు భరిణెలో చిన్న ఎముక ముక్క దొరికింది. ఏలేశ్వరంలో రాకాసిగుళ్ల (పెద్దరాళ్ల సమాధుల) కింది అస్థికలను మానవశాస్త్రజ్ఞులు కొలిచి నమోదు చేశారు.

టోలుండ్ మనిషి పేగుల్లో చివరి భోజనం దొరికింది: బార్లీ జావ, అవిసెగింజలు, చేప. మనకు పేగులు దొరకవు. పళ్లు దొరుకుతాయి, వాటిమీద గట్టిపడ్డ గార దొరుకుతుంది. గోడకు పూసే గారలాగే దానిలోనూ కాల్షియం ఉంటుంది. తిన్న గింజల పిండి రేణువులను వందల ఏళ్లు పట్టి ఉంచగలదు. కటి ఎముక కింది మట్టిలో పేగుపురుగుల గుడ్లు దొరకవచ్చు. కాబట్టి ఈ మెట్టలో పాతసమాధి బయటపడితే పళ్లను తోమి శుభ్రం చేయకూడదు, ఎముకల కింది మట్టిని పారబోయకూడదు. దేని కింది మట్టిని దానికే విడిగా సంచిలో కట్టి, ఏ ఎముక పక్కదో రాసిపెట్టాలి.