పుదుచ్చేరి ప్రీస్కూల్లో జపాన్ బాలల పండుగ: గదికంతటికీ ఒక్క చేప

ఏటా మే 5 వచ్చేసరికి జపాన్‌లో ఇళ్ల ముందు, నదుల మీద, బడుల ఆవరణల్లో గుడ్డ చేపలు గాలిలో ఈదుతుంటాయి. ఆ రోజు అక్కడ జాతీయ సెలవు. పేరు కొడొమో నో హి, అంటే పిల్లల రోజు. రంగులు, గాలి, చేప, తినుబండారం అన్నీ ఉన్న పండుగ కాబట్టి మూడు నుంచి ఆరేళ్ల పిల్లలున్న బడికి ఇది చక్కగా సరిపోతుంది. పుదుచ్చేరిలో చిక్కల్లా తేదీతోనే. మే మొదటి వారంలో ఇక్కడి బడులకు సాధారణంగా సెలవులు. తమిళులు కత్తిరి వెయిల్ అనే మండుటెండలు మొదలయ్యే వారం కూడా అదే.

నవంబర్ 14న మన బాలల దినోత్సవంతో కలిపేద్దామంటే అదీ కుదిరినట్టే ఉంటుంది. ఆ మర్నాడే, నవంబర్ 15న, జపాన్‌లో మూడు, ఐదు, ఏడేళ్ల పిల్లలను గుడికి తీసుకెళ్లే షిచి-గో-సాన్ వేడుక. కానీ ఈ తీరంలో నవంబర్ అంటే ఈశాన్య రుతుపవనాల వాన. గుడ్డ చేప ఎగరదు, తడుస్తుంది. అందుకే సెలవులు ఇచ్చేలోపు, ఏప్రిల్ చివరి వారంలో ఒక ఉదయం జరుపుకోవడం మేలు. ముందే చేశామన్న బెంగ అక్కర్లేదు. జపాన్‌లోనూ చాలా చోట్ల ఏప్రిల్‌లోనే చేపలు ఎగరేస్తారు.

పని మొదలుపెట్టే ముందు టీచర్లు తెలుసుకోవలసిన చరిత్ర కొంత ఉంది. ఐదో నెల ఐదో రోజున వచ్చే ఈ పండుగ చాలాకాలం మగపిల్లలదిగానే నడిచింది. ఆడపిల్లలకు మార్చి 3న బొమ్మల పండుగ హినామత్సురి ఉంది. ఎర్రగుడ్డ పరిచిన మెట్ల మీద బొమ్మలు పేరుస్తారు, మన బొమ్మల కొలువు లాగే. 1948లో జపాన్ సెలవుల చట్టం మే 5ను పిల్లలందరి రోజుగా మార్చింది. పిల్లల వ్యక్తిత్వాన్ని గౌరవించడం, వారి సంతోషానికి పాటుపడటం, తల్లికి కృతజ్ఞత చెప్పడం ఈ రోజు ఉద్దేశాలని ఆ చట్టమే చెబుతుంది. కాబట్టి మగపిల్లలకు వీరుడి టోపీలు, ఆడపిల్లలకు కాగితం కిమోనోలు పంచే పద్ధతి వద్దు. అది 1948కి ముందరి పండుగ. ‘రేపటికి చేప బొమ్మ చేసి పంపండి’ అని ముందురోజు రాత్రి వాట్సాప్‌లో అమ్మలకు పని పురమాయించడమూ వద్దు. తల్లికి కృతజ్ఞత చెప్పాల్సిన రోజున ఆమె నెత్తిన ఇంకో హోంవర్క్ పెట్టడం ఏం మర్యాద?

ఇరవై మంది పిల్లలకు ఇరవై చిన్న చేపలకన్నా గదికంతటికీ ఒక్క పెద్ద చేప నయం. గాలిలో ఎగిరే ఈ చేపను కోయినోబోరి అంటారు. నాలుగు మీటర్ల పల్చటి పాత నూలు పంచెను మధ్యకు కోసి, రెండు ముక్కలూ పక్కపక్కన కలిపి కుడితే దాదాపు రెండు మీటర్ల పొడవు గొట్టం వస్తుంది. అంచులు కలపకముందే నేల మీద పరవాలి. పిల్లలు అరచేతులకు నీళ్లలో కడిగితే పోయే రంగు పూసుకుని అద్దుతారు. ఒక్కో అచ్చు ఒక్కో పొలుసు. ఇరవై మందివి నలభై పొలుసులు. ఇందులో బాగా వేసినవాడు, వేయలేనివాడు అన్న తేడా ఉండదు. రంగు ముట్టుకోవడం ఇష్టంలేని పిల్లలు ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు, వాళ్లు కన్ను అతికిస్తారు. ఆరాక అంచులు కుట్టి, మూతికి హూలాహూప్ వలయం బిగించి, తోక తెరిచే ఉంచాలి. ఉదయం పూట తరచు గాలి ఆడదు, సముద్రపు గాలి ఎండెక్కాక గానీ రాదు. అంతదాకా జాలీ ఉన్న పెడస్టల్ ఫ్యాన్‌ను మూతికి ఎదురుగా, పిల్లలకు దూరంగా పెడితే చేప ఉబ్బుతుంది. బయట వేలాడదీస్తే కరెంటు తీగలకు ఎడంగా కట్టాలి. వేలాడే తాళ్లు పిల్లల మెడ ఎత్తులో ఉండకూడదు.

చేప ఎందుకంటే, నది జలపాతాన్ని ఎదురీది పైకెక్కిన చేప డ్రాగన్ అవుతుందని చైనా నుంచి వచ్చిన కథ. ఆ చేప కార్ప్ జాతిది, మన చెరువుల్లో పెంచే బంగారుతీగ దాని చుట్టమే. కథను చెప్పేకన్నా ఆడించడం సులువు. ఇద్దరు టీచర్లు నీలం చీరను అలలా ఊపుతుంటే పిల్లలు దాని కింద నుంచి పాకి, నేల మీద పరిచిన చేప మూతిలో దూరి తోకలోంచి బయటికొస్తారు. ఫ్యాన్ అప్పటికి ఆపేసి ఉండాలి. బయటికొచ్చినప్పుడల్లా ఒక మాట అరవాలి: తెలుగులో చేప, తమిళంలో మీన్, ఫ్రెంచిలో పువాసోఁ, జపనీస్‌లో సకానా. యానాం తెలుగు, మాహే మలయాళం, కారైక్కాల్ తమిళం కలిసిన ప్రాంతానికి రాజధాని ఇది. ఈ ఊరి పిల్లలకు నాలుగు పేర్లు బరువేం కావు.

న్యూస్‌పేపర్ టోపీ, అంటే కబుతో, అందరికీ తెలిసిన పని. కానీ మడతలు ఎక్కువ. మూడేళ్ల పిల్లలు మొదటి రెండు మడతలు వేస్తే చాలు, మిగతాది పెద్దలు పూర్తిచేయాలి. నలభై, యాభై సెంటీమీటర్ల చతురస్రం తీసుకుంటే తలకు సరిపోతుంది. దానికంటే సరదా అయినది టోన్‌టోన్ జుమో. అట్టపెట్టె మీద వలయం గీసి, రెండు మడత కాగితాల మల్లయోధులను ఎదురెదురుగా నిలబెట్టి, పెట్టెను వేళ్లతో తట్టాలి. పడినవాడు ఓడాడు. గది మొత్తం నవ్వుతుంది.

తిండి దగ్గర జాగ్రత్త. ఆ రోజు జపాన్‌లో తినే కాషివా మోచి బియ్యప్పిండితో చేసి, తీపి చిక్కుడు ముద్ద కూరి, ఓక్ ఆకులో చుడతారు. సాగే మోచి చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడే ప్రమాదముంది. ఇక్కడ దొరికే కొళుక్కట్టై, మన పూర్ణం కుడుము, మెత్తగా చేసి చిన్న ముక్కలుగా పెడితే సరి. ఆకులో చుట్టడం పిల్లల చేతే చేయించవచ్చు. పనసాకు బుట్టల్లో ఉడికే కోనసీమ పొట్టిక్కలు తెలిసిన యానాం వాళ్లకు ఇందులో వింతేమీ లేదు.

జపాన్ ఈ ఊరికీ కొత్త కాదు. అరవిందాశ్రమం శ్రీమాత 1916 నుంచి 1920 వరకు జపాన్‌లో ఉన్నారు. ఆశ్రమ అతిథిగృహం గోల్కొండెను రూపొందించిన ఆంటొనిన్ రేమండ్ టోక్యోలో పనిచేసిన వాస్తుశిల్పి. కట్టడం దగ్గరుండి చూసిన జార్జ్ నకషిమా జపనీస్ దంపతుల కొడుకు. నిధులు హైదరాబాద్ నుంచి, దివాన్ అక్బర్ హైదరీ పూనికతో వచ్చాయి, అందుకే ఆ పేరు. ఇది పిల్లలకు కాదు, ‘జపాన్ పండుగ మనకెందుకు’ అని అడిగే తల్లిదండ్రులకు చెప్పాలి.

పిల్లలకు చెప్పాల్సింది ఏనుగు కథ. యుద్ధం తర్వాత టోక్యోలోని ఉఎనో జంతుశాలలో ఏనుగు లేదు. ఒకటి పంపమని అక్కడి పిల్లలు నెహ్రూకు ఉత్తరాలు రాశారు. 1949లో ఆయన మైసూరు నుంచి ఒక ఏనుగును పంపారు, పేరు ఇందిర. మణకుళ వినాయగర్ గుడి ఏనుగు లక్ష్మి 2022 నవంబర్‌లో చనిపోయింది కాబట్టి ఇప్పటి మూడేళ్ల పిల్లలు దాన్ని చూసి ఉండరు, ఇంట్లో ఫొటో ఉంటే తెమ్మనవచ్చు. కథ అయ్యాక, జపాన్ పిల్లలకు మనం ఏం పంపుదాం అని గదిని అడగాలి. వాళ్లు చెప్పిందల్లా టీచర్ దిద్దకుండా ఒకే పెద్ద కాగితం మీద రాసి, కింద అందరి వేలిముద్రలూ వేయించి, చేప పక్కనే గోడకు అంటించాలి.