పూల్ పట్నం ఎంపీ, గుంటూరు సీమ రైతు

1853 అక్టోబరులో హెన్రీ డాన్బీ సేమూర్ అనే ఇంగ్లిష్ దొర మద్రాసులో దిగాడు. అప్పటికి అక్కడ హార్బరు లేదు. ఓడ దూరాన లంగరేస్తే మసూలా పడవెక్కి, కెరటాల మీద ఎగిరెగిరి పడుతూ ఒడ్డు చేరాలి. వచ్చినాయన కంపెనీ ఉద్యోగి కాదు, వర్తకుడు కాదు, మిషనరీ అంతకన్నా కాదు. ఇంగ్లండు దక్షిణ తీరాన ఉన్న పూల్ అనే రేవుపట్నం ఓటర్లు కామన్స్ సభకు పంపిన సభ్యుడు. గుంటూరు సీమ రైతుకు ఆయనెవరో తెలియదు. ఆయన్ను గెలిపించినవాళ్లకు గుంటూరుతో పనే లేదు. అయినా పార్లమెంటులో మన కష్టం చెప్పిన ఎంపీల చరిత్ర రాయాలంటే ఈయన దగ్గరే మొదలుపెట్టాలి.

ఆయన రాక వెనక ఉన్నది గాజుల లక్ష్మీనరసు చెట్టి. 1806లో మద్రాసులో పుట్టిన తెలుగు వర్తకుడు. బట్టలు, అద్దకం రంగుల వ్యాపారంలో బాగా గడించాడు. మిషనరీలకూ, వాళ్లను వెనకేసుకొచ్చే అధికారులకూ ఎదురు నిలవడానికి 1844లో ‘క్రెసెంట్’ అనే ఇంగ్లిష్ పత్రిక పెట్టాడు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించాడు. కాంగ్రెస్ పుట్టడానికి అప్పటికింకా 33 ఏళ్లుంది. ఇంతటి మనిషి గురించి బడి పుస్తకాల్లో చదివిన గుర్తు నాకైతే లేదు.

అసోసియేషన్ పుట్టిన సమయం కూడా చూసుకోవాలి. ఈస్టిండియా కంపెనీకి పాలనాధికారమిచ్చే చార్టరును పార్లమెంటు ఇరవయ్యేళ్లకోసారి తిరగరాసేది. 1813, 1833, ఆ తర్వాత 1853. ఇండియా గురించి లండన్‌లో ఎవరైనా చెవి ఒగ్గి వింటే ఆ ఏడాదే వినాలి. దాటిపోతే మళ్లీ ఇరవయ్యేళ్లు. చెట్టి బృందం ఆ అదను చూసుకుని పార్లమెంటుకు పెద్ద అర్జీ పంపింది. శిస్తు భారం, ఉప్పు మీద పన్ను, చేతివృత్తులవాళ్ల నడ్డి విరిచే మోతర్ఫా పన్ను, ఏళ్ల తరబడి తేలని వ్యాజ్యాలు, లేని రోడ్లు, తవ్వని కాలువలు, పెట్టని బడులు అన్నీ అందులో ఉన్నాయి. గుంటూరు సీమను ఊడ్చేసిన డొక్కల కరువుకు అప్పటికి ఇరవై ఏళ్లే. ఆ కరువు చూసినవాళ్లు ఊరూరా బతికే ఉన్నారు.

చార్టరు చట్టం 1853లో పాసైంది. కంపెనీ పాలన అలాగే నిలిచింది. అర్జీకి దక్కిన ఫలితం స్వల్పం. మరొకరైతే అక్కడితో చేతులు దులుపుకునేవారు. చెట్టి వదల్లేదు. అదే ఏడాది లండన్‌లో ఇండియా రిఫార్మ్ సొసైటీ ఏర్పడింది, దాని అధ్యక్షుడు సేమూరే. కాగితాన్ని నమ్మరా? అయితే మనిషే వచ్చి చూడాలి. సేమూర్‌ను వెంటబెట్టుకుని చెట్టి గుంటూరు, కడలూరు, తిరుచిరాపల్లి, సేలం, తిరునల్వేలి తిప్పాడు. రైలు లేని కాలంలో ఆ ప్రయాణాలంటే మాటలు కాదు.

ఆయన విన్నది పన్నుల గోడు ఒక్కటే కాదు. శిస్తు బకాయిపడ్డ రైతును కచేరీకి లాక్కొచ్చి చేతివేళ్లను చెక్కల మధ్య బిగించేవారు. దాన్నే కిట్టి పెట్టడం అనేవారు. మెడకూ కాలికీ తాడు బిగించి, వీపు వంచి ఎండలో నిలబెట్టేవారు. చేసేది కింది స్థాయి నౌకర్లు. శిస్తు వసూలు, పోలీసు అధికారం రెండూ అప్పట్లో ఒకే చేతిలో ఉండేవి గనక కొట్టినవాడి మీద ఫిర్యాదు చేయాలన్నా ఆ కచేరీ మెట్లే ఎక్కాలి.

1854 జూలైలో కామన్స్ సభలో మద్రాసు భూమిశిస్తు మీద చర్చ వచ్చినప్పుడు సేమూర్ లేచి ఈ చిత్రహింసల సంగతి చెప్పాడు. కంపెనీ పక్షంవాళ్లు నమ్మలేమన్నారు. అయితే తాను స్వయంగా వెళ్లి వచ్చానని సభలో నిలబడి చెబుతున్న సభ్యుడి మాటను అర్జీని బుట్టలో పడేసినట్టు పడేయలేరు. ఆ ఏడాదే మద్రాసు ప్రభుత్వం ముగ్గురు సభ్యులతో విచారణ సంఘం వేయాల్సి వచ్చింది. చరిత్రలో దానిపేరు టార్చర్ కమిషన్. ఫిర్యాదులున్నవాళ్లు రావచ్చని ప్రకటిస్తే జనం నడిచి వచ్చారు, రాలేనివాళ్లు ఉత్తరాలు రాశారు. శిస్తు వసూలులో హింస ఉన్న మాట నిజమేనని 1855లో కమిషనే తన నివేదికలో ఒప్పుకుంది. 1857 తిరుగుబాటు వేళ కార్ల్ మార్క్స్ న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌లో బ్రిటిష్ పాలనను ఎండగడుతూ ఈ విచారణనే సాక్ష్యంగా చూపాడు. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చి పోలీసును రెవెన్యూ నుంచి విడదీసింది.

తెల్లదొరలు నివేదికలో తప్పంతా నల్ల నౌకర్ల మీదికి నెట్టారు, పైవాళ్లు తప్పించుకున్నారు. ఆ విమర్శ న్యాయమే. ఐనా ఓటు లేని జనం, తమది కాని సభలో, తమవాడు కాని సభ్యుడి నోటితో సర్కారు చేత జవాబు చెప్పించారు. ఇదెలా జరిగిందో గమనించాలి. సేమూర్‌ను చెట్టి ఏ ఉద్యోగం కోసమో సిఫార్సు అడగలేదు. సభలో చెప్పగల సంగతిని ఆధారాలతో సహా అందించాడు.

ఆ తర్వాత ఓటు అంచెలంచెలుగా వచ్చింది. 1861 చట్టంతో వచ్చిన మండళ్లలో నామినేషన్లే. చెట్టి కూడా మద్రాసు శాసన మండలికి నామినేట్ అయ్యాడే తప్ప ఎన్నికైన పదవి చూడకుండానే 1868లో పోయాడు. 1919 చట్టం ఢిల్లీలో కేంద్ర శాసనసభ పెట్టినా, ఆస్తో పన్నో ఉన్న కొద్దిమందికే ఓటు. వి.వి. గిరి, ఎన్.జి. రంగా ఆ సభలో కూర్చున్నవాళ్లే. అందరికీ ఓటు దక్కిన తొలి లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డికి వచ్చిన ఓట్లు 3,09,162. నెహ్రూకు వచ్చినవాటికన్నా ఎక్కువ. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. రెండో స్థానం షెడ్యూల్డు కులాలది, అక్కడ గెలిచినవాడు సుంకం అచ్చాలు. నైజాము మీద, దొరల మీద పోరాడి వచ్చిన జనం వేసిన ఓట్లవి.

గెలిపించుకున్నాక ఎంపీ దగ్గరికి ఏ పని మీద వెళ్లాం? ఎనభైలు, తొంభైల్లో గ్యాస్ కూపను కోసం వెళ్లాం. టెలిఫోన్‌కు ఏళ్ల తరబడి క్యూ ఉన్న రోజుల్లో ఎంపీ కోటా కోసం వెళ్లాం. 1993 డిసెంబరు 23న పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా ఎంపీ నిధుల పథకం వచ్చింది, ఇప్పుడది ఏడాదికి 5 కోట్లు. దాంతో కమ్యూనిటీ హాలు కోసం, బస్ షెల్టరు కోసం వెళ్లడం మొదలైంది. వెళ్లడం తప్పని నేననను. కచేరీలో పని జరగకపోతే మనిషి ఎవరి కాళ్లయినా పట్టుకుంటాడు. అయితే ఇవన్నీ సర్పంచో, కలెక్టరో, ఆయా శాఖల ఆఫీసర్లో చేయాల్సిన పనులు. ఎంపీ ఒక్కడే చేయగలిగిందేమిటంటే సభలో కేంద్ర మంత్రిని అడగడం. అది అడిగించడం మనం మరిచాం.

అడిగించే దారులు ఇప్పటికీ తెరిచే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌కు 25 మంది లోక్‌సభ సభ్యులు, 11 మంది రాజ్యసభ సభ్యులు. తెలంగాణకు 17, 7. వీళ్ల ఢిల్లీ చిరునామా, సొంతూరి చిరునామా, ఫోను, ఈమెయిలు పార్లమెంటు వెబ్‌సైటులో దొరుకుతాయి. రేషను కార్డు, పట్టా, కరెంటు స్తంభం రాష్ట్రానివి. వాటి మీద ఎంపీకి రాస్తే పీఏ ఆ కాగితాన్ని మళ్లీ మండలాఫీసుకే పంపుతాడు. రైల్వే గేటు, జాతీయ రహదారి, పోస్టాఫీసు, పీఎఫ్, గల్ఫులో చిక్కుకున్న మనిషి అయితే ఢిల్లీ పనులు. పదిహేను రోజుల ముందు నోటీసిస్తే సభ్యుడు లిఖితపూర్వక ప్రశ్న వేయవచ్చు. అనుమతించిన ప్రశ్నకు మంత్రి ఇచ్చే జవాబు సభ రికార్డులో ఉండిపోతుంది, ఎన్నేళ్ల తర్వాతైనా తీసి చూపవచ్చు.

చెట్టి వాడిన అర్జీ కూడా బతికే ఉంది. 1924లో కేంద్ర శాసనసభలో మొదలైన అర్జీల సంఘం లోక్‌సభలో 15 మంది సభ్యులతో ఇప్పటికీ పనిచేస్తోంది. సభ ముందున్న బిల్లు మీదగానీ, ప్రజలందరికీ సంబంధించిన సంగతి మీదగానీ ఎవరైనా సభకు అర్జీ పెట్టుకోవచ్చు. కోర్టులో నడుస్తున్న వ్యవహారమైతే కుదరదు. అర్జీని సభలో ప్రవేశపెట్టే ఎంపీ దాని మీద సంతకం చేయాలి, అందుకు ఆయన్ను ఒప్పించుకోవాల్సింది మనమే. తెలుగులో రాసుకుంటే హిందీ లేదా ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి. అర్జీదారుల పేర్లు, చిరునామాలు రాసి సంతకాలు పెట్టాలి. చదువు రానివాళ్లు వేలిముద్ర వేస్తే చెల్లుతుంది.